ఉన్న బరువు, చెప్పుకున్న బరువు

మా తమ్ముని బిడ్డ నర్సింగ్ పూర్తిచేసి ఈమధ్యనే ఒక పెద్ద దవాఖానలో చేరింది. వారం తిరగకముందే మా ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏమైతది అత్తమ్మా! గింత సదువు సదివి పోతే కాంట కాడ నిలబెట్టిండ్రు. వచ్చినోళ్ల బరువు జూసుడు, రాసుడు. పొద్దంత గదే. గిదొక పనా?"

నవ్వి ఊరుకున్నాను. అన్నం పెట్టి పంపించాను. కానీ ఆ పిల్ల పోయాక చాలాసేపు అదే ఆలోచన. సూది వేయడం, కట్టు కట్టడం కొన్నాళ్లకు చేతికి అవే వస్తాయి. కాంట దగ్గరి పని నాకు అంత తొందరగా రాలేదు. ఆ సంగతి ఆమెకు ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను, ఆమెకూ, ఆమెలాగే ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్న పిల్లలకూ.

ఒళ్ళు చేసినవ్

మాది శామీర్‌పేట. మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు. నేను నర్సింగ్ చదువుకుని, తొంభైల మొదట్లో మేడ్చల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేరాను. నాలుగు మంచాలు, ఒక డాక్టరు గారు, నేను, ఊడ్చి తుడిచే ఆయమ్మ. బస్‌స్టాండుకు దగ్గర కాబట్టి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా మా దగ్గరికే వచ్చేవారు.

అప్పట్లో వచ్చేవాళ్లలో సన్నటి మనుషులే ఎక్కువ. పొలం పని, చేపల పని, కూలి పని. ఎవరైనా కొంచెం నిండుగా కనిపిస్తే "మంచిగ ఒళ్ళు చేసినవ్" అనేవారు. అది మెచ్చుకోలు. "చిక్కినవ్ బిడ్డా" అంటే జాలి. ఆడవాళ్లు కాంట ఎక్కి, ముల్లు ఎక్కువ చూపిస్తే సంబరపడేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఊళ్లు మారాయి. హైవే పక్క పొలాలు ప్లాట్లయ్యాయి. గుండ్లపోచంపల్లి వైపు గోదాములు లేచాయి. పొద్దున్నే నాగలి పట్టిన చేతులు బండి హ్యాండిల్ పట్టాయి. ఆ మనుషులే, ఆ పేర్లే, కానీ చొక్కా గుండీలు పట్టడం లేదు. మా దవాఖానలో షుగరు, బీపీ వాళ్ల వరుస పెరిగింది. కాంట ఎక్కే తీరు కూడా మారింది. చెప్పులు విడవమంటే గడియారం, ఉంగరాలు కూడా తీసేవారు. ఒక చెయ్యి మెల్లగా గోడకు ఆనించేవారు. ఊపిరి బిగబట్టేవారు, గాలికి బరువున్నట్టు. ఇంకొందరు అసలు ఎక్కేవారే కాదు. "ఇంటికాడ జూసుకున్న సిస్టరమ్మా, డెబ్బై అని రాస్కో" అనేవారు.

నేను రాసేదాన్ని. కానీ పక్కన "చెప్పినది" అని ఒక మాట కలిపేదాన్ని. పిల్లలూ, ఈ అలవాటు చేసుకోండి. మీరు చూసింది వేరు, విన్నది వేరు. రెండూ ఒకే తీరుగా రాస్తే తర్వాత చూసేవాళ్లు మోసపోతారు.

డాక్టరు గారి నోరు

మా డాక్టరు గారి చెయ్యి మంచిది. నాడి పట్టుకుంటే సగం జబ్బు చెప్పేవారు. పేదవాళ్లను ఎన్నడూ తిప్పి పంపలేదు. ఆయనలో ఉన్న లోపం ఒక్కటే, నోరు.

కాంట వరండాలో ఉండేది, వరుసలో కూర్చున్న వాళ్లందరి ముందు. డాక్టరు గారు లోపల కుర్చీలోంచే "ఎంత?" అని అడిగేవారు. నేను గట్టిగా చెప్పాలి. విన్నాక ఆయన ఏదో ఒక మాట విసిరేవారు. వరుసంతా నవ్వేది. సిగ్గుపడితే మనిషి మారతాడని ఆయన నమ్మకం. నా అనుభవంలో సిగ్గుపడిన మనిషి మారడు, దాచుకుంటాడు.

జంగారెడ్డి పటేల్ మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. గౌడవెల్లి మనిషి. ఏభై దాటిన వయసు. పొలంలో చాలా భాగం వెంచర్ వాళ్లకు ఇచ్చేసి, బావి ఉన్న చిన్న ముక్క మాత్రం ఉంచుకున్నాడు. రోడ్డు మీద ప్లాట్ల ఆఫీసు తెరిచాడు. పొద్దున కారులో పోయి కుర్చీలో కూర్చుంటే, మధ్యాహ్నం ఎవరిదో దావత్, సాయంత్రం మళ్లీ ఎవరిదో దావత్. నాలుగైదేళ్లలో మనిషి ఇంతయ్యాడు. దాహం ఎక్కువవుతోందని భార్య సుగుణమ్మ పట్టుబట్టి తీసుకొస్తే షుగరు బయటపడింది.

మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు కాంట ఎక్కాడు. నేను బరువు చెప్పాను. తొంభై నాలుగు. లోపలినుంచి డాక్టరు గారు, "పటేలా, నీకు ఈ కాంట సాలదు. రోడ్డు మీద లారీల కాంట ఉన్నది, ఆడికి పో" అన్నారు.

వరుసలో గౌడవెల్లి వాళ్లే నలుగురున్నారు. ఫక్కున నవ్వారు. పటేల్ కూడా నవ్వాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి. సుగుణమ్మ కొంగు సర్దుకుంటూ తల దించుకుంది.

ఆ తర్వాత నెల వచ్చినప్పుడు కాంట ఎక్కనన్నాడు. "నేను కొత్త కాంట కొన్న. ఇంట్ల జూసుకునే వచ్చిన. ఎనభై తొమ్మిది. మీ కాంటనే ఖరాబున్నది" అన్నాడు. షుగరు చూస్తే పెరిగి ఉంది. డాక్టరు గారికి కోపం వచ్చింది. "అయిదు కిలోలు తగ్గినోనికి షుగర్ ఎట్ల పెరుగుతది? వచ్చేసారి నా కాంట మీద తగ్గి సూపియ్యి. లేకుంటే ఇగ సూదులే" అన్నారు.

పటేల్‌కు ఇన్సులిన్ సూది అంటే భయం. ఆ మాట ఆయన మీద ఎలా పనిచేస్తుందో మాకెవరికీ తట్టలేదు.

"ఎంత తగ్గిన?"

చెప్పిన రోజుకు వచ్చాడు. ఆ పొద్దున ఎందుకో ఉత్సాహంగా ఉన్నాడు, వరుసలో కూడా ఆగకుండా నేరుగా కాంట దగ్గరికే వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. ఎండ ఇంకా ఎక్కలేదు. చేతులు వణుకుతున్నాయి.

"పటేలా, కొంచెం కూసోన్రి" అన్నాను.

"కూసునుడు లేదు. జూడు జల్దీ" అంటూ ఒక కాలు కాంట మీద పెట్టాడు. రెండో కాలు పెట్టలేదు. అలాగే పక్కకు ఒరిగి, బల్ల అంచుకు నుదురు కొట్టుకుని పడిపోయాడు.

సుగుణమ్మ కేక పెట్టింది. డాక్టరు గారు పరుగున వచ్చారు. పిలిస్తే పలకడం లేదు. నేను వేలికి గుచ్చి చూస్తే షుగరు అడుగంటి ఉంది. వెంటనే నరానికి గ్లూకోజు ఎక్కించాం. "ఏం తిన్నడు?" అని డాక్టరు గారు అడిగారు.

సుగుణమ్మ ఏడుస్తూ చెప్పింది. "ఏం తినలే సారూ. మొన్నటి సంది ఒక్కపొద్దే. మంచినీళ్లు గూడ సరిగ తాగలే. బరువు తగ్గాలె, సారుకు సూపియ్యాలె అన్నడు. గోలీలు మాత్రం యాళ్లకు మింగిండు."

షుగరు గోలీలు మింగి కడుపు మాడ్చుకోవడం ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రోజు దారిలో కారు నడుపుతూ పడిపోయి ఉంటే ఏమయ్యేదో. కొంచెంసేపటికి పటేల్ కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాడు. భార్య ఎక్కడని అడగలేదు, ఏమైందని అడగలేదు.

"ఎంత తగ్గిన?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. డాక్టరు గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

గౌడవెల్లిలో కాంట

నుదుటికి కుట్లు పడ్డాయి. కట్టు మార్చడానికి రమ్మంటే రాలేదు. ముఖం చెల్లక రావడం లేదని సుగుణమ్మ కబురు పెట్టింది. డ్యూటీ అయ్యాక ఆటో ఎక్కి నేనే గౌడవెల్లి పోయాను.

కట్టు మారుస్తుంటే మంచం కింద కొత్త కాంట కనిపించింది. బయటికి లాగి చూశాను. ఎవరూ ఎక్కకముందే ముల్లు సున్నాకు వెనక, ఎక్కడో ఉంది.

"ఇది సున్నా కాడ లేదు పటేలా" అన్నాను.

 తలుపు దగ్గరినుంచి సుగుణమ్మ అంది, "కింద చక్రం ఉన్నది బిడ్డా. గది తిప్పిండు. నేను జూసిన."

"నువ్వు ఊకో" అన్నాడు పటేల్. కానీ మళ్లీ ఆయనే మొదలుపెట్టాడు. "సిస్టరమ్మా, ఎడ్ల ఎనక నడిసి పెరిగినోణ్ణి. అప్పుడు నన్ను ఎవ్వడు తూకమెయ్యలే. ఇయ్యాల కుర్సీల కూసుంటే ఒళ్ళొచ్చింది. గది నాకు ఎరుక లేదా? సొంత ఊరోళ్ల ముంగట నన్ను లారీ అనుడు ఏంది? ఇంట్లనన్న మంచి అంకె జూద్దామని తిప్పుకున్న."

నాకు కోపం రాలేదు. మనిషి తన ఇంట్లో, తన మంచం పక్కన, తనకే అబద్ధం చెప్పుకునేదాకా పోయాడంటే బయట ఎంత నొచ్చుకుని ఉండాలి! మర్నాడు ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు డాక్టరు గారికి చెప్పాను.  సాయంత్రం ఆయమ్మను పిలిచి, కాంటను వరండాలోంచి తీయించి లోపలి గదిలో పరదా వెనక పెట్టించారు. "ఇకనుంచి నువ్వు గట్టిగా చెప్పకు. రాసి నాకివ్వు" అన్నారు.

కుట్లు విప్పడానికి పటేల్ వచ్చిన రోజు డాక్టరు గారే లేచి నిలబడ్డారు. "పటేలా, నా నోరు మంచిది కాదు. తప్పు నాది. తూకం నాకు సూపియ్యడానికి కాదు, నీకు నువ్వు తెలుసుకోనీకి" అన్నారు. నా ఉద్యోగంలో చాలామంది డాక్టర్లను చూశాను. రోగి ముందు ఈ మాట అన్నది ఆయనొక్కరే. అందుకే ఆయన నోటిని ఎంత తిట్టుకున్నా, ఆయన్ని వదిలి ఇంకో దవాఖానకు పోవాలని నాకెన్నడూ అనిపించలేదు.

ఆదివారం పొద్దున

తర్వాత పటేల్ చేసింది చాలా సాదా పని. ముల్లును సున్నాకు తెచ్చుకున్నాడు. కాంటను గచ్చు మీద ఒకే చోట పెట్టాడు. ఆదివారం పొద్దున, చెంబు పట్టుకుని బయటికి పోయి వచ్చాక, చాయ్ తాగకముందు, లుంగీ బనియను మీద ఎక్కేవాడు. వచ్చిన అంకెను గోడ క్యాలెండరులో ఆ ఆదివారం గడిలో వేసేవాడు. వారంలో మళ్లీ ఎక్కకూడదు. ఇదీ మేము చెప్పిన లెక్క.

రోజూ ఎక్కే వాళ్లను చాలామందిని చూశాను. రాత్రి దావత్‌లో ఉప్పూ కారం తిని మర్నాడు కిలో పెరిగితే గుండె పగిలినట్టు కూర్చుంటారు. అది నీరు, కొవ్వు కాదు. ఒక్క అంకె ఏమీ చెప్పదు. నెల, రెండు నెలలు వరుసగా చూస్తే అప్పుడు చెబుతుంది. తగ్గినప్పుడే రాసి, పెరిగినప్పుడు మర్చిపోయే వాళ్లకు అది కూడా చెప్పదు.

తిండిలో పెద్ద వింతలేమీ చేయలేదు. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె. పళ్లెంలో కూర ఎక్కువ, అన్నం తక్కువ. దావత్‌లు వారానికి ఒకటి. పొద్దున్నే తనకు మిగిలిన బావి ముక్క దాకా నడక. సుగుణమ్మ కూడా వెంట నడిచేది. అక్కడ నాలుగు బెండ మొక్కలు, టమాట వేసుకున్నారు.

దసరా తర్వాత ఒకసారి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే చెప్పాడు. "ఈపారి పెరిగిన సిస్టరమ్మా. పండుగకు యాటలు కోసిండ్రు, ఆగలే. అయినా రాసిన."

నాకు ఆ రోజు ఆయన మీద గౌరవం పుట్టింది. తగ్గింది చెప్పుకోవడానికి అందరూ వస్తారు. పెరిగింది చెప్పడానికి వచ్చినవాణ్ణి ఆయన్నే చూశాను. ఏడాదిన్నరలో మెల్లగా ఎనభై మూడుకు వచ్చాడు. అక్కడ ఆగింది. షుగరు కూడా దారికొచ్చింది. డాక్టరు గారు చాలన్నారు.

అందరం సంబరపడ్డ బరువు

అసలు సంగతి ఆ తర్వాతది.

ఊర్లో సర్పంచి ఎలక్షన్లు వస్తున్నాయి. పటేల్ నిలబడాలని తిరుగుతున్నాడు. ఒక రోజు దవాఖానకు వస్తే గుర్తుపట్టలేకపోయాను. దవడలు తేలాయి, చొక్కా వదులైంది. మొహం మాత్రం వెలిగిపోతోంది. "డెబ్బై ఆరు! రెండు నెలల్ల!" అన్నాడు. "ఊరంత ఒకటే మాట. పటేల్ పడుసు పిలగాని లెక్క అయిండు అంటున్నరు."

నేనూ సంబరపడ్డాను. ఆయమ్మ చప్పట్లు కొట్టినంత పనిచేసింది. డాక్టరు గారు కూడా "శభాష్" అని చెయ్యి కలిపారు. మందుల చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే అడిగారు.

"ఏం చేసినవ్ తగ్గనీకి?"

"ఏం జేయలే సార్. అదే తిండి, అదే నడక. ఇంక ఇప్పుడు తిరుగుడుల నడక గూడ బందయింది. జీపుల పోతున్న."

డాక్టరు గారి కలం ఆగింది. "దగ్గున్నదా?"

"రోడ్డు ఎడల్పు జేస్తున్నరు గద సార్, దుమ్ము. అందరికున్నది."

"రాత్రిపూట చెమటలు?"

పటేల్ సుగుణమ్మ వైపు చూశాడు. "బనియను పిండితే నీళ్లొస్తున్నయ్ సారూ. ఎండకాలం గద అనుకున్న" అందామె.

"మర్ల వచ్చేటప్పుడు నీ క్యాలెండరు పట్కరా" అన్నారు డాక్టరు గారు. కిందటేడాదిది కూడా కలిపి క్యాలెండర్లు తెచ్చాడు. నెలల తరబడి అంకెలు ఒకచోట కుదురుగా నిలబడి, ఉన్నట్టుండి వారం వారం జారుతూ వచ్చాయి. దసరాకు పెరిగింది ఉంది, ఉగాదికి పెరిగింది ఉంది. ఏదీ దాచలేదు కాబట్టి ఈ జారుడు ఎప్పుడు మొదలైందో స్పష్టంగా కనబడింది. షుగరు చూస్తే ఇంత బరువు తగ్గేటంత ఎక్కువ లేదు. ఎక్స్‌రే తీయించాం. తెమడ పరీక్షకు పంపాం. టీబీ.

"కష్టపడకుండ తగ్గిన బరువును నమ్మొద్దు పటేలా" అన్నారు డాక్టరు గారు. ఆయన గొంతులో వెటకారం లేదు. "షుగర్ ఉన్నోళ్లకు గిది తొందరగ అంటుకుంటది. జల్దీ దొరికింది. మందులు వదలకుండ వాడితే పూర్తిగ పోతది."

పటేల్ ముఖం నల్లబడింది. "ఎవ్వరికి చెప్పకున్రి సార్. ఎలక్షన్లున్నయ్."

"నేను చెప్ప. కని కొన్ని వారాలు నువ్వు నలుగుర్ల తిరగొద్దు. మీటింగులల్ల ముసలోళ్లుంటరు, పిల్లలుంటరు."

 పార్టీ వాళ్లు జీపుతో బయట ఎదురుచూస్తున్నారు. పటేల్ లేచి, తువ్వాలతో మూతి కట్టుకుని బయటికి పోయాడు. కిటికీలోంచి ఆయన మాట వినబడింది. "మీరు పోన్రి. నాకు టీబీ వచ్చింది. నేను నిలబడను. నా ఎంబడి తిరిగినోళ్లు దగ్గుంటే పరీక్ష జేయించుకోన్రి."

దాచమని బతిమాలిన మనిషి వాకిట్లోకి పోయేసరికి అలా ఎలా మారాడో నాకు ఈనాటికీ తెలియదు. తర్వాత ఆయన్ని అడగనూ లేదు.

సుగుణమ్మ

టీబీ ఉన్న ఇంట్లో అందర్నీ చూడాలి. మరుసటి వారం సుగుణమ్మను పరదా వెనక్కి పిలిచాను. కాంట చూసి వెనక్కి జరిగింది.

"నేనెందుకు బిడ్డా?"

"అందరిని జూడాలె సుగుణమ్మా. ఎన్నడన్న చూసుకున్నరా?"

"వడ్ల బస్తా ఎంతుంటదో ఎరుక. బర్రె దూడ ఎంతుంటదో సూపుల చెప్త. నాది నాకెందుకు?" చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, కాలవ దాటుతున్నట్టు ఎక్కింది.

ముప్పై తొమ్మిది. పొడుగైన మనిషి. చీర కట్టులో కనబడలేదు కానీ మణికట్టు చూస్తే ఎముక. తెమడలో ఏమీ లేదు, ఎక్స్‌రే బాగుంది. రక్తం మాత్రం చాలా తక్కువ. డాక్టరు గారు తిండి గురించి అడిగారు.

"పటేల్ తిన్నంకనే గద సారూ తినేది. ఆయనకు తక్కువ వండమన్నరు, వండిన. ఆయన తక్కువ తిన్నడు. నాకు ఇంకింత తక్కువ మిగిలింది. ఇద్దరికి రెండు తీర్లు వండుడు ఎందుకని…" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. ఉన్న సంగతి చెబుతోంది.

పరదా అవతల బల్ల మీద, మూతికి తువ్వాల కట్టుకుని పటేల్ కూర్చున్నాడు. అంతా విన్నాడు. 

పిల్లలూ, ఒక ఇంట్లో ఒకరి బరువు తగ్గించేటప్పుడు అదే పొయ్యి మీద ఇంకెవరు తింటున్నారో అడగండి. ఒకే వంట ఒకరికి మందు, ఇంకొకరికి పస్తు కావచ్చు. తగ్గడమే ఆరోగ్యమని అందరికీ ఒకే మాట చెప్పకండి.

పటేల్ మందులు ఒక్క రోజు కూడా వదలకుండా పూర్తిచేశాడు. ఆఖరి పరీక్ష శుభ్రంగా వచ్చింది. ఆ రోజు ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయన్ని లోపలికి పిలిస్తే కదల్లేదు.

"ముందుగాల ఆమెను జూడు సిస్టరమ్మా" అన్నాడు.

సుగుణమ్మ ఈసారి వెనక్కి జరగలేదు. నాలుగు కిలోలు పెరిగింది. బయటికి రాగానే ఆయన లేచి, "తగ్గలే గద?" అని అడిగాడు. "పెరిగిన" అందామె, కొంచెం సిగ్గుగా. ఆయన తల ఊపాడు. తన బరువు నేను చెబితే విన్నాడు, అంతే.

వాళ్లు పోయాక వరుస సర్దుతూ కిటికీలోంచి చూశాను. బస్‌స్టాండు పక్క టిఫిన్ హోటల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇడ్లీల పళ్లెం సుగుణమ్మ ముందుంది. ఆమె మెల్లగా తింటోంది. పటేల్ ముందు పళ్లెం లేదు. ఆమె తినేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె పళ్లెం ఖాళీ అయ్యాక అప్పుడు తనకూ తెమ్మని సర్వర్ను పిలిచాడు.